సాయంత్రం ఆరు గంటలకు మర్దన బల్ల మీద

నెల్లూరులో మద్రాసు బస్టాండుకు దగ్గరలో, ఒక మందుల దుకాణం పైన ఉన్న మర్దన కేంద్రం గురించి రాస్తున్నాను. పేరు రాయను. రాస్తే ఆ మెట్లెక్కే ప్రతి మనిషినీ తాగుబోతుల లెక్కలో వేసేవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. నేను తాగుడు మానేసి ఏడు నెలలైంది. అక్కడికి ఇప్పటికి పద్నాలుగు సార్లు వెళ్లాను.

మాది విడవలూరు మండలం. రొయ్యల చెరువులు చేస్తాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ సమయంలో నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి పంటంతా పోతుంది. ఆ కాపలా రాత్రుల్లో మెలకువ కోసమని మొదలుపెట్టిన మందు, పదకొండేళ్లకు అది లేకపోతే కన్ను మూతపడని స్థితికి తెచ్చింది.

మానిన మొదటి వారం ఆసుపత్రిలో ఉన్నాను. ఈ సంగతి మర్దన కంటే ముందు చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. ఆ తర్వాత రెండు రోజుల్లో మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజుల్లో కావలసింది డాక్టరు, మందులు, విటమిన్ బి1 ఇంజెక్షన్లు. నేను మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఒలికిపోయేవి. అలాంటి మనిషిని నూనె రాయించడానికి తీసుకెళ్లకండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే తాగుడు, మత్తు మానాలనుకునేవాళ్ల సహాయ నంబరు 14446కు ఫోను చేయండి.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నిద్ర లేదు. మెడ, భుజాలు కొయ్యబారిపోయాయి. అరికాళ్లలో మంటలు. సాయంత్రం ఆరు అయితే చాలు, కాళ్లు వాటంతట అవే మద్యం దుకాణం వైపు లాగేవి.

ఎవరో చెబితే ముందు వేరే చోటికి వెళ్లాను. పది రోజుల మర్దనతో ఒంట్లో విషమంతా చెమటలో దిగిపోతుందని, ఆసుపత్రి మాత్రలు ఆపేయవచ్చని అన్నారు. ఎనిమిది వేలు కట్టాను. రెండో రోజు చిన్న గ్లాసులో అరిష్టం అనే ఆయుర్వేద మందు పోసి ఇచ్చారు. నోటి దగ్గరికి తీసుకోగానే వాసన తెలిసింది. నేను వాడుతున్నది డైసల్ఫిరాం, తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర. దాని మీద మద్యం ఏ రూపంలో లోపలికి వెళ్లినా ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. అరిష్టాలు పులిసి తయారయ్యేవి, వాటిలో సహజంగానే మద్యం పుడుతుంది. అది వాళ్లకు తెలియదా? గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. డబ్బు తిరిగి ఇవ్వలేదు. మద్యాన్ని విరిచేది కాలేయం. చెమట పట్టించి దాన్ని దింపుతామనే వాళ్లను నమ్మకండి.

ఈ కేంద్రంలో మర్దన చేసే ఆయనకు యాభై ఏళ్లు పైనే ఉంటాయి. బల్ల మీద పడుకోమనే ముందు డాక్టరు చీటీ అడిగారు. మాత్రల పేర్లన్నీ చదివి, స్పిరిట్ కలిసిన నొప్పుల మందు సీసాను పక్కన పెట్టేసి, ఉత్త నువ్వుల నూనె వేడి చేశారు. కళ్లు మూసుకోమని, దూదితో అరికాళ్లు తాకుతూ ఎక్కడ తెలుస్తోందో చెప్పమన్నారు. ఎడమ కాలి మూడు వేళ్ల దగ్గర నాకేమీ తెలియలేదు. "ఈ కాళ్లకు వేడి కాపడం పెట్టకూడదు బాబూ, కాలినా మీకు తెలియదు" అన్నారు. మంటలు పోతాయని మాట ఇవ్వలేదు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

నలభై అయిదు నిమిషాల్లో సగం వీపుకే ఇస్తారు. మెడ కింద బొటనవేళ్లు ఆనించి, నేను ఊపిరి వదిలేదాకా ఆగి, అప్పుడు నొక్కుతారు. మొదటి రోజు ఏడ్చాను. ఆయన ఏమీ అడగలేదు, చేయి తీయలేదు. అన్నేళ్లలో నా ఒంటి మీద పడిన చేతులన్నీ నన్ను మోసుకెళ్లడానికో, లేపి కూర్చోబెట్టడానికో పడినవే. 1992లో దూబగుంట ఆడవాళ్ల సారా ఉద్యమం మా ఊరికీ పాకినప్పుడు మా అమ్మ సారా కొట్టు ముందు కూర్చుంది. అప్పుడు నాకు పదేళ్లు. ఆ అమ్మ పండక్కి తలంటుతానంటే, నా వాసన ఆమెకు తెలుస్తుందని తప్పించుకుని తిరిగాను.

మొదటిసారి మర్దన చేయించుకున్న ఆ రాత్రి అయిదు గంటలు నిద్రపోయాను. మర్దనతో తాగాలనే కోరిక పోదు. మరుసటి రోజు ఆరింటికి మళ్లీ వచ్చింది. అందుకే ఆ గంటనే అడిగి తీసుకున్నాను. దుకాణం పిలిచే వేళకు నేను బల్ల మీద బోర్లా పడుకుని ఉంటాను. మా డాక్టరమ్మ ఒక పరిశోధన గురించి చెప్పారు. ఆస్ట్రేలియాలోని ఒక ఆసుపత్రిలో తాగుడు మాన్పిస్తున్న యాభై మందిని తీసుకుని, సగం మందికి కుర్చీలో కూర్చోబెట్టి వీపు, మెడ, తల మర్దన చేశారట. మిగతా వాళ్లు ఊరికే విశ్రాంతి తీసుకున్నారు. మర్దన అందినవాళ్లకు తొలి రోజుల బాధ తక్కువగా ఉందని 2005లో ప్రచురించారు. చిన్న పరిశోధనే, అందరికీ మందులు ఇస్తుండగానే చేసింది. నా అనుభవమూ అంతే: మాత్రలు ఆపలేదు, డాక్టరమ్మతో మాట్లాడటం మానలేదు.

లోపాలు కూడా చెప్పాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కే మనిషి ఎవరినైనా తోడు తెచ్చుకోవాలి. ముందు గదిలో టీవీ మోత లోపలికి వస్తుంది. పెద్దాయన సెలవు పెట్టిన రోజు ఒక కుర్రవాణ్ని పంపారు. అతను చీటీ చూడకుండా పిక్కలు గట్టిగా పిసికితే రెండు రోజులు కుంటుతూ నడిచాను. ఆయన లేకపోతే వెనక్కి వచ్చేయండి. మర్దన చేసే ఆడవాళ్లు అక్కడ లేరు. ఈ బాధ పడే ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలని అడిగితే యజమాని దగ్గర జవాబు లేదు. ఒక్కోసారికి ఏడు వందలు. పంట బాగున్న నెలలో పెద్ద భారం కాదు, లేని నెలలో ఆలోచించాల్సిందే.

ఇప్పుడు నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. మా ఆవిడ ఒకరోజు వెంట వచ్చి, కాళ్లకు ఎంత ఒత్తిడి ఇవ్వాలో ఆయన దగ్గర అడిగి నేర్చుకుంది. మిగతా సాయంత్రాలు గిన్నెలో నూనె వెచ్చబెట్టి ఆరింటికి వరండాలో పీట వేస్తుంది. అమ్మ నా తలకు నూనె పట్టిస్తుంది. ఎనిమిదింటికి చెరువు మీదికి వెళ్తాను.