బోన్నెవిల్‌కి హై బారా, లో బారా? ఏది మేలు?

పాత ట్రయంఫ్ బోన్నెవిల్ కొనబోయేవాళ్లూ, కొని పెట్టుకున్నవాళ్లూ తిప్పితిప్పి అడిగే ప్రశ్న ఒకటే: అమెరికన్ రకం ఎత్తు హ్యాండిల్ (హై బార్) ఉంచుకోవాలా, బ్రిటిష్ రకం తక్కువ ఎత్తు హ్యాండిల్‌కి (లో బార్) మారాలా? ఇంగ్లండ్‌లో ఈ బళ్లు తయారైన మెరిడెన్ ఫ్యాక్టరీ ఒకే బండిని రెండు వేషాల్లో పంపేది. అమెరికాకి వెళ్లేదానికి నీటిబొట్టు ఆకారంలో చిన్న ట్యాంకు, వెడల్పుగా పైకి లేచిన బార్. సొంత దేశంలో అమ్మేదానికి నాలుగు గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 18 లీటర్లు, దానికి పొట్టి బార్. బోన్నెవిల్‌లోనే టీ140 అనే మోడల్‌కి 1977లో వచ్చిన సిల్వర్ జూబిలీ ఎడిషన్ కూడా ఇలా రెండు రకాలుగానే వచ్చింది. ఇంజను అదే, ఫ్రేమ్ అదే. కూర్చునే తీరు మాత్రం రెండు వేర్వేరు బళ్ల మీద ఉన్నట్టుంటుంది.

హై బార్ నడిపేవాళ్ల మాట వింటే ఇంకో బండి అక్కర్లేదనిపిస్తుంది. నడుము నిటారుగా ఉంటుంది, మణికట్ల మీద బరువు పడదు, ఇరుకు రోడ్డులో యూ-టర్న్ సులువు, ట్రాఫిక్‌లో తల ఎత్తి ముందు ఏముందో చూడొచ్చు. లో బార్ వాళ్లు ఇవేవీ కాదనరు. హైవే ఎక్కి గంటసేపు నడిపాక మాట్లాడుకుందాం అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వాళ్లు నడిపే వేగాలు వేరు. నా లెక్కలో ఈ ప్రశ్నని తేల్చేది అదే. మీ ఎత్తు, వయసు, బండి అందం అన్నీ దాని తర్వాతే.

ఎందుకో చూడండి. గాలి ఒత్తిడి వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల దగ్గర ఛాతీ మీద ఎంత తోపు ఉంటుందో, 120 దగ్గర దానికి నాలుగు రెట్లు ఉంటుంది. లో బార్ మీద ఒళ్లు కాస్త ముందుకి వాలి ఉంటుంది కాబట్టి 50-60 వేగంలో ఒంటి బరువంతా అరచేతుల మీదకి దిగుతుంది. అరగంటలో బొటనవేలి మొదట్లో తిమ్మిరి మొదలవుతుంది. వేగం 90 దాటాక ఎదురుగా వచ్చే గాలే ఛాతీని పైకి పట్టుకుంటుంది, చేతుల మీద భారం పోతుంది. హై బార్‌కి ఇది సరిగ్గా తలకిందులు. 60 దగ్గర చేతులు ఊరికే గ్రిప్‌ల మీద ఉంటాయి, 100 దగ్గర అవే చేతులు మిమ్మల్ని వెనక్కి ఎగిరిపోకుండా లాగి పట్టుకోవాలి. భుజాలు, మెడ వెనక కండరాలు ముందు అలుస్తాయి. నడుము నొప్పి అనుకుని సీటు మార్చేవాళ్లున్నారు, అసలు నొప్పి చేతులతో వేలాడటం వల్ల వచ్చింది. రెండు బార్ల హాయీ సమానమయ్యే వేగం మనిషిని బట్టి 80కీ 95కీ మధ్య ఎక్కడో ఉంటుంది.

దీంట్లో సౌకర్యం ఒక్కటే కాదు, బండి నిలకడ కూడా ఉంది. గాలికి ఎదురు లాగుతూ వెడల్పాటి బార్ పట్టుకున్నప్పుడు మీ భుజాల ప్రతి కదలికా స్టీరింగ్‌కి చేరుతుంది. పెద్ద లారీ పక్కనుంచి పోతే వచ్చే గాలి దెబ్బకి ఒళ్లు ఊగుతుంది, ఒళ్లుతో పాటు బార్ కూడా. పైగా బరువు వెనక్కి జరగడంతో ముందు చక్రం తేలికవుతుంది. హై బార్ బండి 110 దగ్గర నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతోందని చాలామంది స్టీరింగ్ హెడ్ బేరింగులు మార్చేస్తారు. అవి చూడాల్సిందే. దానికంటే ముందు గ్రిప్‌లు వదులుగా పట్టుకుని, మోకాళ్లతో ట్యాంకు నొక్కి, కాస్త ముందుకి వంగి చూడండి. ఊగడం తగ్గిందంటే దానికి కారణం మీ చేతులే.

ఊగడానికి రెండో కారణం ఈ బళ్ల హ్యాండిల్ బిగింపులో ఉంది. హ్యాండిల్ క్లాంపులు పై యోక్‌లోకి, అంటే ఫోర్కులని పైన కలిపి పట్టుకునే భాగంలోకి, ఐబోల్టులతో దిగుతాయి, వాటి చుట్టూ రబ్బరు బుష్‌లు ఉంటాయి. వైబ్రేషన్ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు ఇది. రబ్బరు పాతబడితే బార్ మొత్తం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. లో బార్‌తో ఆ అరిగిన బుష్‌లు ఏళ్ల తరబడి బయటపడకుండా నడిచిపోతాయి. హై బార్ వేసిన రోజే బయటపడతాయి, ఎందుకంటే మీటరు కర్రకీ అర మీటరు కర్రకీ ఉన్న తేడాలా పొడుగు పెరిగేకొద్దీ బుష్ మీద పడే తోపు పెరుగుతుంది. ముందు బ్రేకు పట్టినప్పుడు గ్రిప్‌లు ముందుకి వంగుతున్నట్టు అనిపిస్తే బుష్‌లు పోయినట్టే. కొత్త రబ్బరు వేయొచ్చు, పాలీయురిథేన్ వేయొచ్చు. అల్యూమినియంవి కూడా దొరుకుతాయి గానీ వాటితో వైబ్రేషన్ అంతా చేతుల్లోకి వస్తుంది. 360 డిగ్రీల క్రాంక్ ఉన్న ఈ రెండు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఐదు గేర్ల టీ140లో గంటకి 100 వేగం అంటే ఇంజను దాదాపు 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతుంటుంది. గ్రిప్‌లలో జుమ్మని మొదలయ్యేది ఇంచుమించు అక్కడే. హై బార్ మీద అద్దాల్లో వెనక కారు నాలుగు కార్లుగా కనబడేది కూడా అప్పుడే. బార్ చివర్లలో బరువులు పెడితే వణుకు పోదు, వేరే ఆర్‌పీఎమ్‌కి జరుగుతుంది. మీరు ఎక్కువగా నడిపే వేగం నుంచి అది పక్కకి తప్పుకుంటే చాలు.

అందరూ బార్ ఎత్తు ఎంత అని అడుగుతారు గానీ, కొనేటప్పుడు ఎత్తు కంటే వెనక్కి వంపు చూడాలి. గ్రిప్ మీ వైపుకి ఎంత వచ్చింది, ఏ కోణంలో వచ్చింది అన్నదే మణికట్టుకి తెలిసేది. బండిని సెంటర్ స్టాండ్ వేసి కూర్చోండి, కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాచి, వాటంతట అవి ఆగినచోట పిడికిలి బిగించండి. ఎవరినైనా ఆ పిడికిళ్ల మధ్య దూరం, సీటు నుంచి ఎత్తు, వాటి వాలు కొలవమనండి. బార్ గ్రిప్‌లు ఆ కొలతకి దగ్గరగా ఉంటే అది మీ బార్. ఎత్తు సరిపోయి వంపు కుదరకపోతే చిటికెనవేలి వైపు అరచేయి నొప్పెడుతుంది. బార్ పాడైందని దాన్ని అమ్మేసుకునేవాళ్లు క్లాంపు వదులుచేసి ఐదు డిగ్రీలు తిప్పి చూడరు. మాస్కింగ్ టేపు మీద గీత పెట్టుకుని కొద్దికొద్దిగా తిప్పండి. బార్ పైకి లేచే భాగం ఫోర్కులకి సమాంతరంగా ఉండే చోట మొదలుపెడితే మంచిది. మరీ వెనక్కి తిప్పితే గ్రిప్‌లు నేల చూస్తాయి, హ్యాండిల్‌ని పక్కకి పూర్తిగా తిప్పినప్పుడు లివర్ మోకాలికి తగులుతుంది.

మార్పు ఎటు వెళుతోందన్నదాన్ని బట్టి పని మారుతుంది. లో నుంచి హైకి వెళితే క్లచ్ కేబుల్, థ్రాటిల్ కేబుల్, డిస్క్ బ్రేకు ఉన్న బండైతే బ్రేకు లివర్ దగ్గర ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి దిగే హోస్, మూడూ పొడుగువి కావాలి. స్విచ్ వైర్లు కూడా చాలకపోవచ్చు. అవి హెడ్‌లైట్ డొప్పలోకి వెళతాయి, ముందు దాన్ని విప్పి లోపల ఎంత మిగులు ఉందో చూసుకోండి. హై నుంచి లోకి వచ్చేవాళ్లు పాత కేబుళ్లే చుట్టచుట్టి సరిపెడదామనుకుంటారు. థ్రాటిల్ కేబుల్ పెద్ద వంపు తిరిగితే లోపలి తీగ రాసుకుంటుంది, థ్రాటిల్ వదిలినప్పుడు టక్కున మూసుకోదు. క్లచ్ కేబుల్‌కి పదునైన మలుపు వస్తే లివర్ బరువెక్కుతుంది, కొన్నాళ్లకి ఆ మలుపు దగ్గరే పోగులు తెగుతాయి. కాబట్టి ఎటు మారినా ఆ బార్‌కి తగ్గ కేబుళ్లు తీసుకోండి, అక్కడ పొదుపు వద్దు.

బిగించాక ఇంజను ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. ఏ వైపైనా ఇంజను శబ్దం పెరిగిందంటే కేబుల్ లాగుతోంది, ఆ బండిని రోడ్డు మీదకి తీయొద్దు. రెండు కార్బ్యురేటర్ల బండిలో ఒక వైపు మాత్రమే పెరిగి ఇంజను ఒంటికాలి మీద నడుస్తున్నట్టు వినిపించొచ్చు. అది రెండు కార్బ్యురేటర్లూ సమానంగా తెరుచుకోని సింక్ సమస్య అనుకుని స్క్రూలు తిప్పకండి, ముందు కేబుళ్ల దారి సరిచేయండి. ముందు చక్రం నేల నుంచి లేపి, ఫోర్కులు పూర్తిగా సాగినప్పుడు బ్రేకు హోస్ బిగుసుకోకుండా ఉందా చూడండి. క్లచ్ లివర్ దగ్గర 2-3 మిల్లీమీటర్ల వదులు (ప్లే) ఉంచండి.

బ్రేకు హోస్ మార్చాక ఎక్కువమంది ఇరుక్కునేది గాలి దగ్గర. హై బార్ మీద మాస్టర్ సిలిండర్ వాలి ఉంటే హోస్ కలిసే బాంజో బోల్టు దగ్గరే ఎత్తయిన మలుపు వస్తుంది, గాలి బుడగ అక్కడ కూర్చుంటుంది. కింద చక్రం దగ్గరి కాలిపర్‌లో ఎంత బ్లీడ్ చేసినా, అంటే గాలి తీసినా, లివర్ మెత్తగానే ఉంటుంది. బార్‌ని క్లాంపులో తిప్పో, హ్యాండిల్‌ని ఒక పక్కకి తిప్పి పెట్టో రిజర్వాయర్ అన్నిటికంటే పైన ఉండేలా చేసి, బాంజో దగ్గరే ఒకసారి గాలి వదలండి. రాత్రంతా లివర్‌ని తాడుతో లాగి కట్టి ఉంచితే మిగిలిన చిన్న బుడగలు పైకి చేరతాయి. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయండి. ఇంకోటి, ట్యాంకు మీద మందపాటి గుడ్డ పరచండి. బ్రేకు ద్రవం ఆ పాత పెయింటుని నిమిషాల్లో తినేస్తుంది, హై బార్ వేస్తే కారేది నేరుగా ట్యాంకు మీదకే.

హింక్లీ బోన్నెవిల్‌లకి, అంటే మెరిడెన్ తర్వాత వచ్చిన కొత్త ట్రయంఫ్ కంపెనీ బళ్లకి కూడా గాలి లెక్క ఇదే. 2016 నుంచి వస్తున్న లిక్విడ్ కూల్డ్ బళ్లలో క్రాంక్ 270 డిగ్రీలది, వైబ్రేషన్ మరీ అంత గొడవ చేయదు. ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేకు లైన్ ఏబీఎస్ ఒత్తిడిని నియంత్రించే మాడ్యులేటర్ గుండా పోతుంది కాబట్టి హోస్ పని ఇంట్లో కాకుండా తెలిసినవాళ్ల చేత చేయించండి. కొంచెం ఎత్తు చాలనుకుంటే బార్‌ని పైకి లేపే ఒక అంగుళం రైజర్లు వేసి చూడొచ్చు, తరచుగా పాత హోస్‌లే అందుతాయి. బార్ వ్యాసం కొలవకుండా రైజర్ కొనకండి. పాత బళ్లకి ఏడు బై ఎనిమిది అంగుళాల బార్లు, అంటే 22 మిల్లీమీటర్లు. వేరే మోడళ్లకి అంగుళం బార్లు, లావుపాటి టేపర్డ్ బార్లు కూడా ఉన్నాయి.

క్లిప్-ఆన్‌లు, అంటే నేరుగా ఫోర్కు గొట్టాలకే బిగించే పొట్టి హ్యాండిళ్లు, వేసుకునేవాళ్లు ఫుట్‌రెస్ట్‌లని కూడా వెనక్కి మార్చుకోవాలి, లేకపోతే కాళ్లు ముందుకీ ఒళ్లు కిందికీ అయి కడుపు నలిగిపోతుంది. భుజాల కంటే పైకి లేచే ఏప్ హ్యాంగర్లు ఫొటోలకి బాగుంటాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గ్రిప్‌ల ఎత్తుకి చట్టం హద్దు పెట్టింది.

మీ ప్రయాణంలో ఎక్కువ భాగం 80 లోపలే సాగితే హై బార్ ఉంచుకోండి, దాని కోసం చిన్న ట్యాంకుతో తరచూ పెట్రోలు బంకు చూడటం కూడా ఫరవాలేదు. నన్నడిగితే పొట్టి బార్, పెద్ద ట్యాంకు. ఈ ఇంజనుకి 90 దాటాక వచ్చే లాగుడు హాయిగా అనుభవించాలంటే చేతులు ఖాళీగా ఉండాలి, ఆ వేగంలో వాటిని ఖాళీగా ఉంచేది లో బారే. మార్చుకుందామనుకునేవాళ్లు పాత బార్, పాత కేబుళ్లు అమ్మేయకుండా అటక మీద పెట్టుకోండి. ఈ బళ్లు కొనేవాళ్లు మొదట అడిగేది ఫ్యాక్టరీ నుంచి ఏ బార్‌తో వచ్చిందనే.