లాన్ అంచుకు ఏది నిలిచింది: ఇటుక, ప్లాస్టిక్, కడప బండ

తిరుపతిలో ఇంటి ముందు కాస్త జాగా మిగిలినవాళ్లు లాన్ వేసేటప్పుడు ఎర్రమట్టి తోలిస్తారు, గడ్డి పరిపిస్తారు, మొక్కలు కొంటారు. అంచు సంగతి గుర్తొచ్చేసరికి చేతిలో డబ్బు ఉండదు. "ఏదో ఒకటి పెట్టేయండి" అని మేస్త్రికి చెప్పేస్తారు. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది కాబట్టి, ఒకే పెరట్లో మూడు నాలుగు రకాలను ఏళ్ల తరబడి వాడి చూసే అవకాశం దొరికింది. చవకైన అంచు కావాలనుకునేవారు అడుగు ధర మాత్రమే కనుక్కుంటే సరిపోదు. ఆ అంచు మట్టిలోకి ఎంత లోతు దిగుతుందో ముందు అడగాలి. మట్టి పైన నిలబడి అలంకారంగా కనిపించేదేదీ మా ఇంట్లో గడ్డిని ఆపలేదు.

మా గడ్డి బెర్ముడా, అంటే మన గరికే. వినాయక చవితి నాడు మా అత్తగారు దాన్ని కళ్లకద్దుకుని కోస్తారు, మర్నాటి నుంచి కనకాంబరాల మడిలో కనిపిస్తే తిట్టుకుంటూ పీకుతారు. గరిక రెండు దారుల్లో పాకుతుంది. నేల మీద తీగలు సాగి కణుపు కణుపుకూ వేరు దించుతాయి. మట్టి లోపల తెల్లటి దుంప కాండాలు అడ్డంగా వెళ్లి అవతల మొలకెత్తుతాయి. పైనుంచి వచ్చే తీగను కత్తెరతో కోసేయవచ్చు. లోపలినుంచి వచ్చేది చామంతి మొక్క మొదట్లో తలెత్తేదాకా తెలియదు. పీకితే సగంలో తెగుతుంది, మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. ఈ కాండాల్లో ఎక్కువ భాగం పై ఆరు అంగుళాల మట్టిలోనే తిరుగుతాయి. అంచుకు కావలసిన లోతు ఎంతో ఇక్కడే తేలిపోతుంది.

మొదట పెట్టించింది ఇటుక. ప్రభుత్వ కార్యాలయాల ముందు, బడుల ముందు అందరూ చూసిన పద్ధతే: ఇటుకలను ఏటవాలుగా రంపపు పళ్లలా పాతి, ఒకదానికి సున్నం, ఒకదానికి కావి రంగు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అలా పాతిన ఇటుక మట్టిలోకి మూడు నాలుగు అంగుళాలకు మించి దిగదు. పైగా పళ్ల మధ్య సందు ప్రతిదీ గరికకు ఒక ద్వారం. దానికి తోడు మా మట్టి ఇసుక కలిసిన ఎర్రమట్టి. ఎండాకాలం గడ్డపార దిగనంత బిగుసుకుంటుంది, ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు మొదలవగానే వదులైపోతుంది. ఊరికి ఉత్తరాన కొండలు ఉండటంతో మా వీధిలో వాన నీరంతా అటునుంచి దిగువకు పారుతుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు ఇటుకలు వరస తప్పి, కొన్ని పక్కకు ఒరిగి, కొన్ని ఏకంగా గేటు దగ్గర తేలాయి.

నీటికి కొట్టుకుపోవడం ఒక ఎత్తు, నాని అరిగిపోవడం మరో ఎత్తు. నాటు ఇటుకలో సరిగా కాలనిది కలిసి వస్తే, మట్టిలో ఎప్పుడూ తడి తగిలే భాగం రెండు వానాకాలాలకే పొరలుగా రాలుతుంది. మట్టికి పైన ఉండే భాగంలో తెల్లగా ఉప్పు పూస్తుంది. కొనేముందు రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టి చూడండి, బాగా కాలినవైతే గణగణమంటాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. సాధారణ ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారత ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది. గోడకైతే పూత ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా దాగుతుంది. మట్టిలో పాతే ఇటుకకు ఆ రక్షణ ఉండదు.

లెక్క కూడా చూడండి. 36 అడుగుల అంచుకు ఇటుకను పొడవుగా పడుకోబెడితే 48 చాలు. కానీ అలా పడుకోబెట్టిన ఇటుక లోతు మూడు అంగుళాలే, గరికకు అది లెక్కే కాదు. తొమ్మిది అంగుళాలూ నిలువుగా పాతి, నాలుగున్నర అంగుళాల ముఖం బయటికి పెడితే 96 కావాలి. మూడు అంగుళాల ముఖం పెడితే 144. నిలువు ఇటుక పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఆ సంఖ్యకు ధర కట్టి, మేస్త్రి కూలి కలిపాక మాత్రం అది చవక అంచు అనిపించుకోదు.

ప్లాస్టిక్ చుట్టల గురించి తొందరగా చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన పచ్చ రంగు పట్టీ, పాతడం అరపూట పని, వంపులకు బాగా ఒదుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మా ఎండకు రెండో వేసవికే రంగు వెలిసి పెళుసెక్కింది. నైలాన్ దారంతో తిరిగే గడ్డి కోత యంత్రం తగిలిన చోటల్లా ముక్కలు ఎగిరాయి. మిగిలిన దాన్ని వేసవిలో మట్టి పగుళ్లు పైకి తోసేశాయి. ప్లాస్టిక్కే కావాలంటే నల్లటిది, మందమైనది కొనండి. ఎండను తట్టుకోవడానికే ఆ నల్లదనం, డ్రిప్ పైపులు నల్లగా ఉండేది కూడా అందుకే. సరుగుడు కర్రల జోలికి మాత్రం వెళ్లకండి, మన ఊళ్లో చెదలకు అంతకంటే మంచి భోజనం దొరకదు.

ఇక నిలిచింది కడప బండ. మన ఇళ్లలో బీరువా అరలకు, వంటగది గట్లకు వేసే నల్లటి సున్నపురాయి. కొత్తది కొనాల్సిన పని కూడా లేదు. ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టే చోట పాత అరల బండలు గోడకు ఆనించి ఉంటాయి, బేరమాడితే కొత్తదాని ధరలో కొంతకే ఇస్తారు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న బండను ఎనిమిది అంగుళాల పట్టీలుగా కోయిస్తే మూడు పట్టీలు, అంటే తొమ్మిది అడుగుల అంచు వస్తుంది. నాలుగు బండలతో 36 అడుగులు పూర్తి. ఆరు అంగుళాలు మట్టిలో, రెండు అంగుళాలు పైన. అంగుళం మందమున్న ఒక్కో పట్టీ 12, 13 కిలోలు తూగుతుంది కాబట్టి వాన నీటికి కదలదు. ఆ బరువు వల్లే రవాణా ఖర్చు కూడా ఎక్కువ. ఆటో బాడుగ ముందే మాట్లాడుకోండి.

చిత్తూరు వైపు ఉన్నవారికి గ్రానైటు ముక్కలు ఇంకా తేలిక. కోత మిల్లుల దగ్గర పనికిరాని అంచు ముక్కలు కుప్పలుగా ఉంటాయి. కడప బండకంటే గట్టివి, పొరలు లేవవు. మందం ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉండటం వల్ల వరస నేరుగా కనిపించదు. అది కంటికి నచ్చకపోతే కడప బండే మేలు.

పాతేటప్పుడు మా మేస్త్రి సిమెంటు పెడదామన్నాడు. వద్దన్నాను. "అమ్మా, సిమెంటు లేకుంటే రాయి నిలబడదు" అని వాదించాడు. "నిలబడకపోతే అప్పుడు పెడదాం, మేస్త్రీ" అని ఒప్పించాను. ఇంతవరకు అవసరం పడలేదు. ముందురోజు నేల తడిపి, దారం కట్టి, జానెడు లోతు సన్నటి గాడి తీయించి, అడుగున రెండు అంగుళాలు సన్న కంకర వేసి పట్టీలు దించారు. ఇరువైపులా తడిమట్టి వేసి గునపం మొద్దు కొసతో దిమ్మిస్తే చాలు. సిమెంటు లేకపోవడం వల్ల పల్లం వైపు పట్టీల మధ్య వేలెడు సందు వదలగలిగాం. వాన నీరు లాన్‌లో నిలవకుండా అటు పోతుంది. తర్వాత మడి పెంచుకోవాలనిపించినప్పుడు ఒక వరసను పెకలించి జరిపాం కూడా.

సందుల్లోంచి గరిక వస్తుంది కదా అంటారా, వస్తుంది. దానికి ప్రతి కీలు వెనుక పాత ఫ్లెక్సీని రెండు మడతలు వేసి మట్టిలో నిలువుగా దించాం. నీరు పక్కనుంచి పోతుంది, కాండం మాత్రం దాన్ని చీల్చుకుని రాలేదు. మన ఊళ్లో ఫ్లెక్సీలకు కొరత లేదు. ఎవరి పుట్టినరోజు శుభాకాంక్షలో మా చామంతుల కింద ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

దీనికీ లోపాలున్నాయి. కోసిన మూలలు పదునుగా ఉంటాయి. చిన్నపిల్లలు పరిగెత్తే ఇల్లయితే పై అంచును రాపిడి రాయితో నున్నగా చేయించండి, లేకపోతే కాలి వేళ్లకు దెబ్బలు తప్పవు. గడ్డపార పొరపాటున తగిలితే బండ పొరగా లేస్తుంది. మాకు రెండు చోట్ల అలా లేచింది. మధ్యాహ్నం నల్లరాయి బాగా కాలుతుంది కాబట్టి, లేత నారును దానికి ఆనించి నాటకుండా జానెడు ఎడం ఇవ్వాలి. పై రెండు అంగుళాల మీదుగా వచ్చే తీగలను నెలకోసారి కత్తెరతో కోయక తప్పదు. అంచును నేలకు సమంగా పాతితే కోత యంత్రం చక్రం దాని మీదుగా సాఫీగా వెళుతుంది కానీ, తీగలు కూడా అంతే సాఫీగా వెళతాయి. మాది చిన్న లాన్, చక్రాల యంత్రం వాడం కనుక ఎత్తు ఉంచుకున్నాం.

వంపులే అసలు ఇబ్బంది. మూడడుగుల బండ వంగదు. గుండ్రటి మడి చుట్టూ మాత్రం బాగా కాలిన ఇటుకలను నిలువుగా పాతించాం. ఆ కొద్ది దూరానికి ఇటుకల సంఖ్య భారం కాలేదు. బెర్ముడా కాకుండా కొరియన్ గడ్డి వేసుకున్నవారికి ఇంత హడావుడి అక్కర్లేదు. అది చాలా నెమ్మదిగా పాకుతుంది. వాళ్లు పారతో అంచు వెంట లోతుగా ఒక గాటు పెట్టి, వానలు వెలిసిన ప్రతిసారీ దాన్ని సరిచేసుకుంటే పైసా ఖర్చు లేకుండా గడిచిపోతుంది.