పెనాంగ్‌లో కాపురం పెట్టి చూశాం

మా అబ్బాయి సింగపూర్‌లో స్థిరపడి ఎనిమిదేళ్లయింది. "విశాఖలో మీరిద్దరే ఎందుకు, మాకు దగ్గరలో ఎక్కడైనా ఉండండి" అని కోడలు ఫోను చేసినప్పుడల్లా అంటుంది. సింగపూర్ అద్దెలు మా పింఛన్లకు అందేవి కావు. పక్కనే మలేసియా ఉంది. మనకు అలవాటైన ఎండ, వాన, కొబ్బరిచెట్లు, సముద్రం అక్కడా ఉన్నాయి. ఖర్చు తక్కువని అడిగినవాళ్లంతా చెప్పారు. అయితే వాళ్లలో ఎక్కువమంది నాలుగు రోజులు హోటల్లో ఉండి వచ్చినవాళ్లే. కాపురం గురించి వాళ్లు చెప్పగలిగింది తక్కువ. అందుకని 2025 ఫిబ్రవరి 16 రాత్రి మావారూ నేనూ కుక్కరు, పోపులడబ్బా, నెలకు సరిపడా బీపీ మాత్రలు సర్దుకుని బయలుదేరాం.

2023 డిసెంబరు నుంచి మలేసియా వెళ్లే భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటును 2026 చివరి వరకు పొడిగించారు. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు రాక పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపితే చాలు. మేము విశాఖ నుంచి నేరుగా విమానంలో వెళ్లాం, సుమారు నాలుగు గంటల ప్రయాణం. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. అక్కడి డబ్బు రింగిట్, అప్పుడు దాని విలువ 20 రూపాయలకు కొంచెం తక్కువ. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, మా లెక్కలన్నీ దీని మీదే నడిచాయి.

కౌలాలంపూర్‌లో రెండు రాత్రులే ఉన్నాం. బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగితే మన తిండికి లోటుండదు. రైలు స్టేషన్ కూడా నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. మహానగరంలో ఉండాలనుకుంటే మాకు విశాఖే పెద్దది కాబట్టి, దాన్ని మా జాబితాలోంచి అప్పుడే తీసేశాం. విదేశీయులు బస చేసే హోటళ్లలో గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా కట్టాలి. గది ధరలో అది కలిసి ఉండదు.

అక్కడి నుంచి ఇపో పట్టణానికి రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. చుట్టూ నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, వెడల్పైన వీధులు, తొందర లేని మనుషులు. మేము చూసిన మూడు ఊళ్లలోనూ అద్దెలు తక్కువ ఇక్కడే. రెండు పడకగదుల ఇల్లు, మంచాలూ ఫ్రిజ్జూ సహా, నెలకు 1,300 రింగిట్లకు చూపించారు. మావారికి ఊరు ఎంతో నచ్చింది. నాకు నచ్చనిది ఒక్కటే, కారు లేకపోతే అక్కడ పూట గడవదు. చూపించిన ఇంటి నుంచి కూరగాయల బజారుకు మూడు కిలోమీటర్లు, బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. ఫోనులో పిలిస్తే కారు వస్తుంది, ధరా ఎక్కువ కాదు. కానీ కొత్తిమీర కట్టకు కూడా కారెక్కాలంటే, అరవై దాటిన మాబోటి వాళ్లు నెమ్మదిగా ఇంట్లోనే ఉండిపోవడం మొదలుపెడతారు. నడక మానేశాక మా అత్తగారు ఎంత త్వరగా మంచాన పడ్డారో నాకు తెలుసు.

ఇపోలో ఉండగానే ఒక రోజు బాగన్ దాతుక్ వెళ్లి వచ్చాం. ఇళ్ల వేటకు సంబంధం లేని ప్రయాణం, కానీ మలేసియా దాకా వెళ్లిన తెలుగువాళ్లు దాన్ని చూడకుండా రాకూడదని నా పట్టుదల. మలేసియాకు తెలుగు గడప అది. బ్రిటిష్ కాలంలో విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి తోటపనికి వెళ్లిన కుటుంబాల వారసులు ఈనాటికీ అక్కడ ఉన్నారు. వాళ్లు 1955లో మొదలుపెట్టిన సంఘమే నేటి మలేసియా తెలుగు సంఘం. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ బలంతోనే. దారి పొడవునా కొబ్బరి తోటలు, ఆయిల్‌పామ్ తోటలు. మట్టి, గట్లు, కాలువలు చూస్తుంటే కోనసీమలో తిరుగుతున్నట్టే ఉంది.

టీ దుకాణంలో మా మాటలు విని పక్క బల్ల మీది పెద్దాయన లేచి వచ్చారు. "ఏ ఊరు బాబూ మీది?" అని మావారిని అడిగారు. విశాఖ అనగానే, "మా తాత ఓడెక్కింది అక్కడే" అన్నారు. ఆయన ఎప్పుడూ మన దేశం రాలేదు. చిన్నప్పుడు తోటలో తెలుగు బడి ఉండేదట, అక్కడ నేర్చుకున్న అక్షరాలతోనే ఇప్పటికీ పేరు రాస్తారు. నా పుస్తకంలో రాసి చూపించారు. ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆ వంకర లేని అక్షరాలు చూసి నాకు కళ్లు నిండాయి. ఆయన మనవళ్లకు భాష అర్థమవుతుంది కానీ మలయ్‌లో బదులిస్తారట.

మేము ఎందుకు వచ్చామో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఇల్లు తరవాత చూద్దురుగాని అమ్మా. ముందు ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోండి. నాకు గుండెనొప్పి వస్తే తెలుక్ ఇంతాన్ పోవాల్సిందే" అన్నారు. మేము అప్పటిదాకా అద్దె, తిండి, సముద్రం అని మూడు గడులు గీసి ఊళ్లను పోల్చుకుంటున్నాం. ఆ సాయంత్రం నాలుగో గడి గీసి, దాన్ని మొదటికి తెచ్చాను.

పెనాంగ్ ఒక దీవి. రైల్లో ఇవతలి ఒడ్డున ఉన్న బటర్‌వర్త్ దాకా వెళ్లి పడవ మీద దాటాం. వంతెన మీద కారులోనూ వెళ్లవచ్చు, 1985లో కట్టిన పాత వంతెనే 13.5 కిలోమీటర్లు. కానీ పడవలోంచి దీవిలోని ముఖ్య పట్టణం జార్జిటౌన్ దగ్గరవడం చూడవలసిన దృశ్యం. మలక్కాతో పాటు ఈ ఊరికి 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. మొదటి మూడు రాత్రులు ఒక పాత చీనా వర్తకుడి ఇంటిని మార్చిన బసలో ఉన్నాం. నడిమి వాకిలి, రంగు పలకలు, చెక్క కిటికీలు, అన్నీ అందంగా ఉన్నాయి. మెట్లు మాత్రం నిచ్చెన కన్నా కొంచెం నయం. చెక్క గోడలు కావడంతో పక్క గదిలో దగ్గితే మా గదిలో దగ్గినట్టుంటుంది. మోకాళ్లు బాగున్నవాళ్లు రెండు రాత్రులు తప్పక ఉండండి, అంతకు మించి వద్దు.

నాలుగో రోజు మేము ముందుగా డబ్బు కట్టిన ఫ్లాటుకు వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆ భవన సంఘం స్వల్పకాలిక అద్దెలను ఒప్పుకోదట. పెనాంగ్‌లో నివాస భవనాల్లో రోజుల లెక్కన అద్దెకివ్వడంపై ఆంక్షలున్నాయి. ఆ సంగతి యజమానికి తెలిసీ మాకు చెప్పలేదు. పెట్టెలతో రెండు గంటలు రోడ్డు మీద నిలబడి, ఆ రాత్రి హోటల్లో పడుకున్నాం. డబ్బు తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. కాబట్టి డబ్బు కట్టే ముందే, భవనం వారు ఒప్పుకున్నారా అని రాతపూర్వకంగా అడగండి. సమాధానం తప్పించుకుంటే ఆ ఇల్లు వదిలేయండి.

మర్నాడు తంజుంగ్ తొకోంగ్‌లో ఇల్లు దొరికింది. పన్నెండో అంతస్తు, రెండు పడకగదులు, వసారాలోంచి సముద్రం. పదహారు రాత్రులకు 1,700 రింగిట్లు. అదే భవనంలో ఏడాది ఒప్పందానికి నెలకు 2,000 అని పక్కింటి చీనా ఆవిడ చెప్పారు. అక్కడి పద్ధతి ప్రకారం రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు, కరెంటు నీళ్ల కోసం మరో అర నెల అద్దె ముందే చెల్లించాలి. అంటే తాళం చేతికి రావడానికే 7,000 రింగిట్లు, మన డబ్బుల్లో లక్షా ముప్పై అయిదు వేలకు పైన. ఏసీ కరెంటు ఖర్చు విడిగా మీటరు చూసి వేస్తారు. ఉన్నన్ని రోజుల్లో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.

వంటింట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. అంత దూరం మోసుకెళ్లిన నా అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. లిటిల్ ఇండియాలో స్టీలు కుక్కరు కొన్నాను. అక్కడ కందిపప్పు, చింతపండు, కరివేపాకు, మునక్కాయలు, అన్నీ దొరుకుతాయి. బియ్యం ఎక్కువగా పొన్ని రకం, రెండు రోజుల్లో అలవాటైంది. క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి పక్కనుంచి నడుస్తుంటే మల్లెపూలు, సాంబ్రాణి, వేయించిన కాఫీ గింజల వాసన కలిసి వస్తుంది. బయట తింటే తోసై, అంటే మన దోసె, రెండున్నర రింగిట్లు, అరిటాకు భోజనం పది. శాకాహారులకు ఒక మాట. మలయ్, చీనా దుకాణాల్లో ఉత్త ఆకుకూర వేపుడులో కూడా బెలచాన్ అనే రొయ్యల ముద్ద పడుతుంది, అడిగి తినాలి. మార్చి 2న రంజాన్ నెల మొదలయ్యాక మేము వెళ్లే టీ దుకాణం పగలు మూసేశారు. సాయంత్రాలు మాత్రం వీధంతా తినుబండారాల బజారు.

మా ఇంటి ముందు నుంచే 101 నంబరు బస్సు వెళ్తుంది, ఇటు జార్జిటౌన్, అటు బటు ఫెరింగి. చల్లగా, శుభ్రంగా ఉంటుంది. సెలవు రోజుల్లో మాత్రం అరగంట పైన ఎదురుచూశాం. బటు ఫెరింగి సముద్రతీరం సందర్శకులకే బాగుంటుంది, ఉండటానికి కాదు. పెనాంగ్ కొండ రైలు, కెక్ లోక్ సి ఆలయం అందరూ చూసేవే, చూశాం. నా మనసు నిలిచింది వృక్షోద్యానం దగ్గర. 1884 నాటి తోట అది. ఉదయం ఆరున్నరకే చీనా తాతలు, తమిళ అమ్మమ్మలు, మలయ్ దంపతులు గుంపులుగా నడుస్తుంటారు. మూడో రోజుకు మమ్మల్నీ పలకరించడం మొదలుపెట్టారు. దగ్గరలోనే కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి ఆలయం. ఐదు వందలకు పైగా మెట్లు నేను మూడు విడతలుగా ఎక్కాను.

ఇక నాలుగో గడి. ఒక రాత్రి మావారికి జ్వరం వచ్చింది. ఇంటికి ఏడు నిమిషాల నడకలో క్లినిక్కు ఉంది. డాక్టరు ఇంగ్లీషులో ఓపికగా మాట్లాడారు, మందులు కూడా అక్కడే ఇచ్చారు, మొత్తం 85 రింగిట్లు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఇరవై నిమిషాల దూరంలో ఉన్నాయి. సుమత్రా దీవి నుంచి కూడా రోగులు పెనాంగ్‌కు వస్తుంటారు, అంత పేరుంది. కానీ మావారి బీపీ మాత్రల ధర అడిగితే మన ఊరి ధరకు దాదాపు నాలుగు రెట్లు చెప్పారు. మా ఆరోగ్య బీమా మన దేశం దాటితే పనికిరాదు. ఆ వయసులో అక్కడ కొత్త బీమా తీసుకోవాలంటే ప్రీమియమే ఒక అద్దెంత అవుతుంది.

పెనాంగ్ రోజుల ఖర్చును నెలకు లెక్కగట్టాను. ఏడాది ఒప్పందం అద్దె వేసుకున్నా, తిండి, కరెంటు, బస్సులు, ఫోను, మందులు కలిపి ఇద్దరికీ సుమారు 3,900 రింగిట్లు, అంటే 76 వేల రూపాయలు. విశాఖలో సొంత ఇంట్లో మా నెల ఖర్చు 40 వేలు. మలేసియా చవక అని రాసేవాళ్లు డాలర్లలోనో పౌండ్లలోనో సంపాదించి ఖర్చుపెట్టేవాళ్లు. రూపాయల పింఛనుతో వెళ్లేవారికి ఆ మాట వర్తించదు. ఇది ఎవరూ మాకు ముందుగా చెప్పలేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అంతకన్నా పెద్ద లెక్క అనుమతిది. దీర్ఘకాలం ఉండటానికి 'మలేసియా నా రెండో ఇల్లు' అనే పథకం ఉంది. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం అందులో సిల్వర్ శ్రేణికే లక్షా యాభై వేల అమెరికన్ డాలర్లు అక్కడి బ్యాంకులో డిపాజిట్ చేయాలి, అంటే కోటీ ముప్పై లక్షల రూపాయలు. దానితో పాటు కనీసం ఆరు లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి, పదేళ్లు అమ్మకూడదు. విదేశీయులు కొనే ఇళ్లకు రాష్ట్రాలు పెట్టిన కనీస ధరలు వేరే ఉన్నాయి. ఇంతా చేస్తే వచ్చేది అయిదేళ్ల అనుమతి. మన వైపు నుంచి ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు కానీ, ఇలాంటి పెట్టుబడులకు 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటవుతుంది, అప్పటిదాకా సొమ్ము చేతిలో ఉండదు. ఇల్లు అమ్ముకుని ఆ అనుమతి కొనుక్కోవడం మాకు తగదని ఆ రాత్రే తేల్చుకున్నాం. విదేశీ జీతంతో కంప్యూటర్ పని చేసుకునే యువతకు 2022లో మొదలైన 'డీఈ రంతావు' అనుమతి ఉంది. ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపగలిగితే 3 నుంచి 12 నెలలు ఉండవచ్చు, పొడిగింపు కూడా ఉంది. వాళ్లకు పెనాంగ్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

వీసా లేని 30 రోజులు అయిపోగానే సరిహద్దు దాటి వెనక్కి వస్తూ ఏళ్ల తరబడి ఉండవచ్చని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఏ రోజు వెనక్కి పంపుతారో తెలియని బతుకు మాకు వద్దు. ఏడాదికి ఒక నెల పెనాంగ్‌లో ఉంటాం. అబ్బాయి వాళ్లు సింగపూర్ నుంచి గంటన్నర విమానంలో వారాంతానికి వచ్చి వెళ్తారు. మార్చి మొదటి వారంలో అలాగే వచ్చారు. మనవరాలు వసారాలో నిలబడి నౌకలు లెక్కపెట్టింది, వాళ్ల నాన్న నా చేతి పప్పుచారు మూడు సార్లు వడ్డించుకున్నాడు.

మేము చూసింది పెనాంగ్‌లో వానలు తక్కువగా ఉండే రోజులు. సెప్టెంబరు, అక్టోబరుల్లో జోరు వానలు, కొన్ని ఏళ్లలో ఇండోనేషియా అడవుల మంటల పొగ కూడా కమ్ముతుంది. మావారికి కొంచెం ఆయాసం ఉంది. అందుకని ఈసారీ ఫిబ్రవరిలోనే వెళ్తున్నాం. అదే ఇల్లు, అదే అంతస్తు, భవనం వారి అనుమతి పత్రం ముందే తెప్పించుకున్నాను. స్టీలు కుక్కరును పక్కింటి ఆవిడ దగ్గరే ఉంచి వచ్చాను.