నిద్ర కోసం మద్యమా, ఆల్ప్రజోలం మాత్రా?

స్టీల్‌ప్లాంటులో, పోర్టులో రాత్రి షిఫ్టులు చేసే విశాఖవాసుల్లో నిద్ర పట్టక మద్యాన్నో, ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్రనో ఆశ్రయించేవారు ఉంటారు. రెండూ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి నాడుల చురుకుదనాన్ని తగ్గిస్తాయి. తేడాలు ఆ తర్వాతే మొదలవుతాయి.

నిద్ర: మద్యం తొందరగా కునుకు తెప్పించినా తెల్లవారుజామున నిద్రను చెదరగొడుతుంది. మాత్ర ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది కనుక మర్నాడు మత్తు మిగిలి, బండి నడపడం ప్రమాదకరం కావచ్చు.

దొరకడం: మద్యానికి చీటీ అక్కరలేదు. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 (అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు కాబట్టి డాక్టరు చీటీ తప్పనిసరి. ఆ అడ్డంకి మన మేలుకే ఉందని నా నమ్మకం.

శరీరం: మద్యం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్లకు కారణమవుతుంది. మాత్రతో ఆ ముప్పు అంతగా లేకపోయినా, కొన్ని వారాలకే అలవాటు పడవచ్చు, వృద్ధులు తూలి పడే అవకాశం పెరుగుతుంది.

మానడం: రోజూ ఎక్కువగా వాడేవారు దేన్నైనా ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.

రెండూ కలపడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే విడిగా తట్టుకోగలిగిన మోతాదులే కలిసినప్పుడు శ్వాసను ఆపేయగలవు. మనిషి లేపినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తీవ్రమైన ఆందోళనకు డాక్టరు కొద్దికాలానికి రాసినప్పుడు, ఆ రోజుల్లో మద్యం ముట్టనివారికి, మాత్ర తగినది. నిద్రమందుగా మద్యం ఎవరికీ తగదు. గురకతో ఊపిరి ఆగేవారికి రెండూ వద్దు. నిద్ర పట్టనివారు, వీటికి అలవాటు పడినవారు కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, చినవాల్తేరు మానసిక వైద్యశాలలోనో చూపించుకోవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌తో 14416లో మాట్లాడాలి.