పెట్రోల్ ముల్లు అబద్ధం చెబితే: పాత ఫ్లోటుకే మాటు వేయించాలా, కొత్తది బిగించాలా?

మా నాన్న అంబాసిడర్ డ్యాష్ బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, అప్పటి కిలోమీటర్లు అందులో రాసేవాడు. ఎదురుగా ముల్లు ఉంది కదా నాన్నా, ఇదంతా ఎందుకంటే నవ్వేవాడు. ఆ నవ్వు అర్థం నాకు నిరుడు ఎండాకాలంలో తెలిసింది. కావలి నుంచి నెల్లూరు వస్తుంటే కొడవలూరు దగ్గర హైవే మీద బండి నాలుగు జర్కులిచ్చి ఆగిపోయింది. ముల్లు మాత్రం సగం దగ్గర నిక్షేపంగా ఉంది.

అదే వేసవిలో ఒంగోల్లో మా బావ బండికీ ఇదే జబ్బు పట్టుకుంది. ఆయనదీ అంబాసిడరే, మార్క్ 4. ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ ముల్లును నడిపే పాత ఫ్లోటునే నేను బాగుచేయించాను, ఆయన కొత్తది వేయించాడు. ఏది మేలని అడిగేవాళ్లకు ఈ రెండు బండ్ల కథే చెబుతున్నాను.

అసలు ఫ్లోటు దాకా వెళ్లాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి. నేను మొదట చూపించిన షాపులో బండి వెనక్కి పోకుండానే "గేజ్ పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. గేజ్ అంటే డ్యాష్ బోర్డులో ముల్లున్న మీటరు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని కార్లు అంతకు చాలా ముందే ఆగాయి. ఇప్పుడు గేజ్ కావాలంటే చెన్నై పుదుపేటలో పాత సామాను కుప్పల్లో వెతకాల్సిందే. రైలు టికెట్ కూడా చూసుకున్నాను. ఈలోపు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, నాన్న కాలం నాటి మెకానిక్, "గమ్మునుండు సామీ, ముందు వైరు ఏం చెప్తదో చూద్దాం" అన్నాడు.

ఆయన చేసింది ఇంతే. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ట్యాంకు మీదున్న యూనిట్ (ఫ్లోటు, దాని చేయి, ఆ చేయి కదిలే తీగచుట్ట కలిసిన భాగం) నుంచి వైరు ఊడదీశాడు. దానికి ఒక బారెడు వైరు కలిపి, ట్యాంకుకు దూరంగా, తుప్పులేని బాడీ ఇనుముకు కట్టాడు. అప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయమన్నాడు. ముల్లు మెల్లగా లేచి ఫుల్ దాకా పోయింది. వైరు బాడీ నుంచి తీస్తే ఖాళీకి దిగింది. అంటే గేజ్ బాగుంది, వైరు బాగుంది, జబ్బు ట్యాంకు దగ్గరే. పుదుపేట ప్రయాణం అక్కడే రద్దు.

ఈ పరీక్షలో ఒక తిరకాసు ఉంది. గేజ్‌లు రెండు రకాలు. ఇగ్నిషన్ వేయగానే ముల్లు టక్కున కదిలితే అది కాయిల్ రకం. నిద్రలేచినట్టు నింపాదిగా లేస్తే లోపల వేడికి వంగే రేకు ఉన్న రకం. నాది రెండోది. పాత ఇంగ్లీషు బండ్లలో వచ్చిన కాయిల్ గేజ్‌లు దీనికి తలకిందులుగా నడుస్తాయి: వైరు తీస్తే ఫుల్, బాడీకి తగిలిస్తే ఖాళీ. ఏ రకమైనా ముల్లు రెండు చివరలకూ పోతే గేజ్‌ను వదిలేయొచ్చు. ఏం చేసినా కదలకపోతేనే ఫ్యూజు, వైరు, ఆ తర్వాత గేజ్ చూడాలి. వైరును ఎక్కువసేపు బాడీకి ఉంచొద్దు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ రాకూడదు కాబట్టే ఆఫ్‌లో కట్టి తర్వాత ఆన్ చేయడం.

రేకు రకం గేజ్‌లున్న బండిలో పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి పిచ్చిగా చూపిస్తుంటే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు. డ్యాష్ బోర్డు వెనక ఆ రెండింటికీ 10 వోల్టులు అందించే చిన్న డబ్బా, స్టెబిలైజర్, పోయి ఉంటుంది. దానికి మాత్రం పాతదాని మీద మోజు వద్దు. ఎలక్ట్రానిక్‌ది వేసేయండి, రేడియో రిపేరు చేసేవాళ్లు కూడా కట్టిస్తారు.

మన సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకోటి కూడా చూడాలి: ఎర్త్. మైపాడు గాలికైనా కొత్తపట్నం గాలికైనా ఇనుము ఇట్టే తుప్పుపడుతుంది. ట్యాంకు యూనిట్‌కు కరెంటు తిరిగిపోయే దారి ఆ ఇనుమే. యూనిట్ అంచు నుంచి శుభ్రమైన బాడీ దాకా విడిగా ఒక వైరు వేసి చూడండి. దాంతోనే ముల్లు సరిగ్గా లేస్తే ఖర్చు ఒక మూర వైరు. నా బండికి ఇది సరిపోలేదు.

కాబట్టి యూనిట్ విప్పాం. బండి రెండేళ్లు కదలకుండా ఉన్నందువల్ల పెట్రోలు జిగురుగా మారి ఫ్లోటు చేయిని సగంలో పట్టేసింది. ఫ్లోటు ఇత్తడిది, ఊపితే లోపల గలగలమంది. చిల్లుపడి పెట్రోలు దూరింది. పెద్దాయన పొయ్యికి దూరంగా, ఆరుబయట, బకెట్లో వేణ్ణీళ్లు పెట్టి ముంచాడు. బుడగలు వచ్చినచోట గీత పెట్టాడు. లోపలి పెట్రోలంతా కార్చి, మూడు రోజులు ఎండకు పెట్టి, ఇంక వాసన లేదన్నాకే బిందెకు మాటు వేసినట్టు సోల్డర్ పెట్టాడు. తొందరపడి లోపల పెట్రోలు ఉండగా సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే అది ఫ్లోటు కాదు, బాంబు. ఈ ఓపిక లేనివాళ్లు ఫ్లోటు ఒక్కటే కొత్తది దొరికితే వేసుకోవడం మంచిది.

తర్వాత మల్టీమీటర్ పెట్టి చేయిని కిందినుంచి పైకి మెల్లగా కదిపాడు. ఓంలు, అంటే తీగ కరెంటుకు పెట్టే అడ్డు కొలత, ఎక్కడా తెగకుండా వరసగా మారాయి. పాతది ఉంచాలా వద్దా అన్నది తేల్చేది ఈ పరీక్షే. లోపల చుట్టిన సన్నతీగ బాగుంటే మిగతాదంతా మాట్లు వేసుకోవచ్చు. తీగ తెగి ఉంటే, లేదా ఒకచోట అరిగి ముల్లు గెంతుతుంటే, పాతదాని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ. నాకైన ఖర్చు నలుగురం కూర్చుని చేపల పులుసు భోజనం చేసినంత.

ఇక బావ సంగతి. ఆయన ఈ పరీక్షలేవీ లేకుండా కొత్త యూనిట్ తెప్పించాడు. చూడ్డానికి తళతళలాడుతూ ఉంది, ఒక్క పూటలో బిగించేశారు, ముల్లు కదిలింది, అందరూ సంతోషం. వారం తర్వాత తెలిసింది, ట్యాంకు ఎండినా ముల్లు పావు దగ్గరే ఆగుతోందని. కారణం ఓంలు. ఖాళీకి 240, ఫుల్‌కి 30 దరిదాపుల్లో నడిచే గేజ్‌లున్నాయి. 0 నుంచి 90 లోపు నడిచేవీ ఉన్నాయి. యూనిట్ గేజ్‌కు జోడీ కాకపోతే ఎంత కొత్తదైనా అబద్ధమే చెబుతుంది. స్క్రూల కొలత కలిసింది కదా అని కొనకూడదు. పాత యూనిట్ తీసి రెండు చివరలా ఓంలు రాసుకుని, ఆ అంకెలు కలిసేదే అడగాలి. పాతది పూర్తిగా చచ్చినా అది చిత్తుబండికి వేయకుండా షాపుకు పట్టుకెళ్లండి.

కొత్తదానికి ఒక బలమైన కారణం లేకపోలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. మీ బండిలో ఉన్నది బెండు ఫ్లోటు అయితే, దాని మీద లక్క పూత ఉంటే, అది ఈ పెట్రోలుకు ఆగదు. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తారు! పూత పోయాక బెండు పెట్రోలు తాగి మునుగుతుంది. బెండు ఫ్లోటుకు నేను మాటు వేయించను, ఇత్తడిదో ప్లాస్టిక్‌దో కొత్తది వేస్తాను. ఇత్తడి ఫ్లోటు, తెగని తీగ ఉంటే మాత్రం పాతదే నా ఓటు. అది ఆ గేజ్‌తో పుట్టిన జోడీ.

ఏది బిగించినా లెక్క సరిచూసుకోవాలి. ట్యాంకు ఖాళీ చేసి ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ ముల్లు ఎక్కడికి వస్తోందో రాసుకోండి. తేడా ఉంటే చేయి కొద్దిగా వంచొచ్చు. కానీ వంచితే రెండు చివరలూ కుదరవు, ఒకటి తప్పుతుంది. ఖాళీ వైపు నిజం చెప్పేట్టు వంచండి, ఫుల్ ట్యాంకును ముప్పావు అని చూపిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఏ ఖర్చూ వద్దనుకుంటే నాన్న పద్ధతి ఉండనే ఉంది. నా బండి లీటరుకు పది ఇస్తుంది, పోయించినప్పుడు రీడింగు రాసుకుంటే చాలు. సీటు కింద ట్యాంకు ఉన్న పాత జీపులవాళ్లకైతే కొలత పుల్ల నేరుగా దిగుతుంది, వాళ్లకు ఇంకా సుఖం. కాకపోతే లీకును లెక్క పట్టుకోలేదు, ఎవరైనా పైపు వేసి లాగేసినా చెప్పదు.

బావకు ఆ చేయి వంచే సంగతి చెప్పాను. సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాడు. అప్పటిదాకా ఆయన డిక్కీలో ఐదు లీటర్ల క్యాను ఒకటి తిరుగుతోంది, ఆ పెట్రోలు వాసనకు మా అక్క ఆ బండి ఎక్కడం మానేసింది.