సోనీ జడ్‌వీ-ఈ10తో రెండున్నరేళ్లు: షోరీల్ కోసం కెమెరా వెతికే ఎడిటర్లకి

నేను కెమెరామన్‌ని కాదు, ఎడిటర్‌ని. ముందే చెప్తున్నాను, ఎందుకంటే కెమెరా సమీక్షలు చాలావరకు బొమ్మ ఎంత బాగుంది అన్న దగ్గరే తిరుగుతుంటాయి. ఎడిటింగ్ షోరీల్ (మన పనితనం చూపించే నమూనా వీడియో) కోసం కెమెరా కొనేవాళ్లకి కావాల్సింది వేరు. తీసుకొచ్చిన ఫుటేజ్‌ని టైమ్‌లైన్ మీద పరిస్తే మాట శుభ్రంగా వినిపిస్తుందా, రెండు షాట్లు పక్కపక్కన పెడితే అతుకుతాయా, కట్ చేయడానికి అటూ ఇటూ జాగా ఉందా అన్నవే నాకు ముఖ్యం.

అమీర్‌పేటలో కోర్సు పూర్తయ్యేసరికి నా షోరీల్ నిండా నెట్‌లో ఉచితంగా దొరికే ప్రాక్టీస్ రషెసే (కట్ చేయని ముడి ఫుటేజ్) ఉండేవి. అసిస్టెంట్ పని అడుగుదామని యూసుఫ్‌గూడలో ఒక ఎడిట్ సూట్‌కి వెళ్తే, అక్కడి సీనియర్ అన్న ఓపిగ్గా మొత్తం చూసి, "తమ్మీ, ఈ ఇంటర్వ్యూ ఈ నెలల నాకు ముగ్గురు చూపెట్టిన్రు. నువ్వు తీసి నువ్వే కట్ చేసింది ఏమన్నా ఉంటే పట్టుకరా" అన్నాడు. నిజమే కదా. ఎవరో పద్ధతిగా తీసిచ్చిన రషెస్‌లో ఎడిటర్‌కి పెద్దగా చిక్కులు రావు, చిక్కు లేని చోట మన పనితనం కనపడదు.

ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు కదా అంటే, నేను పెట్టాను కూడా. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ని స్థిరంగా ఉంచవు, వెలుతురుని బట్టి మారుస్తుంటాయి. ఆడియో విడిగా రికార్డు చేసి కలిపితే పది నిమిషాల ఇంటర్వ్యూలో సగానికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన ఉండేది కాదు. ఆ సింక్ సరిచేసుకుంటూ కూర్చున్న రెండు రాత్రులు చాలు, కెమెరా కొనాలని నిర్ణయించుకోవడానికి.

నా దగ్గర అరవై వేలున్నాయి. కెనాన్ ఎం50 చూశాను, బాగుంటుంది, కానీ 4కేలో ఫ్రేమ్ బాగా క్రాప్ అవుతుంది (అంచులు తెగిపోతాయి), ఫోకస్‌ని త్వరగా పట్టే దాని డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ 4కేలో పనిచేయదు, పైగా హెడ్‌ఫోన్ పెట్టుకునే సాకెట్ లేదు. పానాసోనిక్ జీ7 ఇంకా చవక, 2015 మోడలే అయినా 4కే ఇస్తుంది, అయితే వీడియోలో దాని ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. నేనొక్కడినే షూట్ చేసుకోవాలి, ఫోకస్ పట్టే మనిషి లేడు. అందుకే 2021లో వచ్చిన జడ్‌వీ-ఈ10 వైపు మొగ్గాను. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సైజు సెన్సర్, పక్కకి తిరిగే స్క్రీన్, ముఖాన్ని వదలని ఫోకస్, మైక్‌కీ హెడ్‌ఫోన్‌కీ విడివిడిగా సాకెట్లు. 2023 మొదట్లో కోఠిలో సెకండ్ హ్యాండ్‌ది, 16-50 కిట్ లెన్స్‌తో 47 వేలకి తీసుకున్నాను. మిగిలిన పదమూడు వేలు రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, కాలర్ మైక్, ట్రైపాడ్‌కి సరిపోయాయి. ఆ పదమూడు వేలు లేకుండా కెమెరా ఒక్కటే కొని ఉంటే నా షోరీల్ ఇప్పటికీ తయారయ్యేది కాదు.

మొదటి షూట్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాను, చేమంతి గుట్టల మధ్య తూకాలు, బేరాలు, బస్తాలు మోసేవాళ్ల కేకలు. ఇంటికొచ్చి చూస్తే దుకాణాల లోపల తీసిన ప్రతి షాట్‌లోనూ నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. తప్పు నాదే. కెమెరాని ఎన్‌టీఎస్‌సీలో (60 హెర్ట్‌జ్ కరెంటుకి సరిపడే వీడియో పద్ధతి) పెట్టి, 30 ఫ్రేములు, షట్టర్ 1/60తో తీశాను. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ట్యూబ్‌లైట్లూ చవక ఎల్ఈడీలూ సెకనుకి 100 సార్లు మినుకుతాయి, 1/60 ఆ మినుకుకి సరిగ్గా పడదు. పాల్‌లో (50 హెర్ట్‌జ్‌కి సరిపడే పద్ధతి) పెట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 అంటే షట్టర్ తెరిచి ఉన్నంతలో కచ్చితంగా రెండు మినుకులు, చారలు రావు. ఈ కెమెరాలో దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది: 4కేలో 30 ఫ్రేములు పెడితే బొమ్మ 1.23 రెట్లు క్రాప్ అవుతుంది, 25లో సెన్సర్ పూర్తి వెడల్పు దొరుకుతుంది. మార్కెట్‌కి మళ్లీ వెళ్లి తీసుకొచ్చాను. అప్పటినుంచి ఆ సెట్టింగ్ మార్చలేదు.

నా షోరీల్‌లో అందరూ ఆగి చూసేది మా పిన్ని మీద తీసిన నాలుగు నిమిషాల ముక్క. పిన్ని బోరబండలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. ఏప్రిల్‌లో తీశాను. ఫ్యాన్ ఆపేసి, ఫ్రిజ్ స్విచ్ తీసేసి మైక్ పెడుతుంటే "ఫ్యాన్ ఆపితే ఎట్ల రా, చెమటకి దారం జారుతది" అని మొత్తుకుంది. పది నిమిషాలకోసారి ఫ్యాన్ వేస్తూ, ఆపుతూ తీశాం. చట్రానికి బిగించిన బట్టలోకి సూది దిగినప్పుడల్లా సన్నగా 'టప్' మనే చప్పుడు వస్తుంది. గదిలో కూర్చున్నవాళ్లం పట్టించుకోలేదు, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాకే అది నాకు వినపడింది. మాటలన్నీ అయ్యాక మైక్‌ని చట్రం దగ్గరికి జరిపి ఆ చప్పుడు ఒక్కటే రెండు నిమిషాలు, తర్వాత ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దం అర నిమిషం తీసుకున్నాను. కట్‌లో మొదట బయట గల్లీ కనపడుతుంది, దాని మీదే సూది చప్పుడు మొదలవుతుంది, రెండు సెకన్ల తర్వాత గానీ పిన్ని చేయి రాదు. ఆ ఒక్క కట్ చూసే యూసుఫ్‌గూడ అన్న నన్ను పనిలోకి తీసుకున్నాడు. హెడ్‌ఫోన్ సాకెట్ లేని కెమెరా ఎంత చవగ్గా వచ్చినా ఎడిటర్‌కి వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఆషాఢంలో బోనాలు తీయడానికి లాల్ దర్వాజా వెళ్లినప్పుడు ఈ కెమెరా హద్దులు తెలిశాయి. దీని సెన్సర్ 4కేలో వరసలు నెమ్మదిగా చదువుతుంది, కెమెరా గబుక్కున తిప్పితే కరెంటు స్తంభాలు, గోడలు పక్కకి ఒరిగినట్టు వస్తాయి. బాడీలో స్టెబిలైజేషన్ (కుదుపులు తగ్గించే ఏర్పాటు) కూడా లేదు. కుదుపులు సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే యాక్టివ్ మోడ్ ఉంది కానీ అది 1.44 రెట్లు క్రాప్ చేస్తుంది, ఇరుకు గల్లీలో అంత క్రాప్‌తో మనిషి ముఖం తప్ప ఏమీ పట్టదు. పోతరాజు వెనక పరుగెత్తుతూ తీసినవి వాడలేకపోయాను. గోడకి ఆనుకుని, కెమెరా కదపకుండా, జనాన్నే ఫ్రేములోకి వచ్చి పోనిచ్చినవి మాత్రం చక్కగా కట్ అయ్యాయి. తీన్‌మార్ దగ్గర ఆడియో ఆటోలో వదలొద్దు, లెవెల్ చేత్తో తగ్గించండి, ఒకసారి పగిలిన డప్పు చప్పుడు ఎడిట్‌లో అతకదు.

ఎస్-లాగ్ (తర్వాత గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, పనికొచ్చేలా బొమ్మని వెలిసినట్టు తీసే సోనీ పద్ధతి) గురించి చాలామంది అడుగుతారు. ఉంది, కానీ ఈ కెమెరా 8 బిట్ (రంగుల మెట్లు తక్కువ) మాత్రమే రికార్డు చేస్తుంది. లాగ్‌లో తీసి గ్రేడింగ్‌లో లాగితే ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి, లేత చర్మపు రంగులూ పాడవుతాయి. నేను ఆరునెలలు ఎస్-లాగ్3తో కుస్తీ పట్టి వదిలేశాను. ఇప్పుడు పిక్చర్ ప్రొఫైల్ ఆఫ్, వైట్ బ్యాలెన్స్ చేత్తో పెట్టుకోవడం, కొంచెం తక్కువ ఎక్స్‌పోజర్, అంతే. పగటి ఎండలో షట్టర్ 1/50 నిలవాలంటే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. కిట్ లెన్స్‌కి 40.5 ఎంఎం సైజుది కావాలి, కొనేటప్పుడు ఆ నంబరు చూసుకోండి.

బ్యాటరీ ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50, చిన్నది. ఆపుతూ తీస్తూ ఉంటే గంటా గంటంపావు. టైప్-సీ పోర్టుకి పవర్ బ్యాంక్ తగిలించి నడపొచ్చు, ఇంటర్వ్యూలకి నేను అదే చేస్తాను. వేసవిలో మెనూలో 'ఆటో పవర్ ఆఫ్ టెంప్'ని హైలో పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది. కన్ను ఆనించే వ్యూఫైండర్ లేదు కాబట్టి మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గర స్క్రీన్ కనపడక తిప్పలు పడతారు, బ్రైట్‌నెస్‌ని సన్నీ వెదర్‌కి మార్చుకోండి.

4కే 100 ఎంబీపీఎస్ అంటే గంటకి దాదాపు 45 జీబీ. కార్డు యూ3 (రాసే వేగం చెప్పే గుర్తు) ఉండాలి. నా పాత లాప్‌టాప్ దాన్ని నేరుగా ఆడించలేదు, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకుని కట్ చేస్తాను, చివర్లో అసలు ఫుటేజ్‌కి మార్చి యూహెచ్‌డీ (4కే)లో ఎక్స్‌పోర్ట్. మీ లాప్‌టాప్ మరీ పాతదైతే 1080లోనే తీయండి. షోరీల్ చూసేవాళ్లు మీ కట్ చూస్తారు, ఎన్ని పిక్సెల్స్ అని లెక్కపెట్టరు.

2024లో దీని రెండో మోడల్ (జడ్‌వీ-ఈ10 II) వచ్చింది. 10 బిట్, 4కేలో 60 ఫ్రేములు, పెద్ద ఎన్‌పీ-ఎఫ్‌జడ్100 బ్యాటరీ. కలర్ గ్రేడింగే మీ దారి అయితే డబ్బు కూడబెట్టుకుని దానికే వెళ్లండి. పెళ్లిళ్లలో పరుగులు తీస్తూ షూట్ చేయాలనుకుంటే ఈ రెండూ కాదు, బాడీలో స్టెబిలైజేషన్ ఉన్నది చూడండి. కథ చెప్పే కట్ నేర్చుకోవాలి, ఖర్చు తక్కువలో అవ్వాలి అంటే పాత జడ్‌వీ-ఈ10 నాకు ఇప్పటికీ సరైనదే.

సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటుంటే కార్డు, హెడ్‌ఫోన్, మైక్ మీవే పట్టుకెళ్లండి. నాకు మొదట ఒక షాపులో చూపించినది పైకి కొత్తదానిలాగే ఉంది, మైక్ వైరు కాస్త కదిపితే హెడ్‌ఫోన్‌లో గరగరమంది, అక్కడే తిరిగిచ్చేశాను. స్క్రీన్‌ని పూర్తిగా తిప్పి, మళ్లీ మూసి, బొమ్మ మినుకుతుందేమో చూడండి. తర్వాత 4కేలో ఇరవై నిమిషాలు ఆపకుండా రికార్డు పెట్టి పక్కన కూర్చోండి. తొందరపెడితే లేచి వచ్చేయండి. ఒప్పుకుంటే ఆ కార్డు లాప్‌టాప్‌లో పెట్టి, మొదటి నుంచి చివరిదాకా హెడ్‌ఫోన్‌తో విన్నాకే డబ్బు ఇవ్వండి.