గిట్‌హబ్ యాక్షన్సా, గిట్‌ల్యాబ్ సీఐనా: చిన్న టీముకు ఏది మేలు?

కోడ్ దాచుకోవడం, రివ్యూ చేసుకోవడం వరకైతే గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ సైట్లలో ఏదైనా ఒకటే. పుష్ కొట్టాక, అంటే మార్చిన కోడ్‌ను సైటుకు పంపాక, యాక్షన్స్, సీఐ తమంతట తామే చేసే బిల్డు, టెస్టులు ఎక్కడ నడుస్తాయి, ఎవరి కోడ్‌తో నడుస్తాయి అన్న దగ్గరే అసలు తేడా.

ఉచిత ఖాతాలో ప్రైవేట్ రిపోలకు (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లకు) బిల్డులు నడపడానికి గిట్‌హబ్ నెలకు 2,000 నిమిషాలిస్తుంది, గిట్‌ల్యాబ్ 400. పబ్లిక్ రిపోలకైతే గిట్‌హబ్ మామూలు రన్నర్లు (బిల్డులు నడిపే మెషీన్లు) పూర్తిగా ఉచితం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు అక్కడే ఉండమంటాను. కోడ్ పంపేవాళ్లు ఎక్కువగా ఉండేదీ అక్కడే.

ఆఫీసు కోడ్ సంగతి వేరు. యాక్షన్స్‌లో చాలా పనులకు ఎవరో రాసిన యాక్షన్‌ను, అంటే రెడీమేడ్ స్క్రిప్టును, ఒక్క లైనులో తెచ్చుకుంటాం. 2025 మార్చిలో ‘టీజే యాక్షన్స్’ వాళ్ల ‘చేంజ్డ్ ఫైల్స్’‌కు ఏమైందో చూడండి. 23 వేలకు పైగా రిపోలు వాడుతున్న యాక్షన్ అది. దాడి చేసినవాళ్లు పాత వెర్షన్ ట్యాగులను (వెర్షన్లకు పెట్టే పేర్లను) ఒక చెడ్డ కమిట్ (కోడ్ మార్పు) మీదికి తిప్పారు. రన్నర్ మెమరీలోని పాస్‌వర్డులు, టోకెన్లు బిల్డ్ లాగ్‌లో పడ్డాయి. పబ్లిక్ రిపోల లాగ్‌లు ఎవరైనా చూడొచ్చు కదా! ట్యాగ్ బదులు 40 అక్షరాల కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌కే చెందిన, మారని గుర్తు) రాసుకున్నవాళ్లు చాలావరకు బయటపడ్డారు. మీ వర్క్‌ఫ్లో ఫైల్లో (యాక్షన్స్ చేయాల్సిన పనులు రాసే ఫైల్లో) ‘వీ4’ లాంటి ట్యాగులు కనిపిస్తే ఇవాళే మార్చేయండి.

గిట్‌ల్యాబ్‌లోనూ బయటివాళ్లు తయారుచేసిన కాంపొనెంట్లు (రెడీమేడ్ ముక్కలు), డాకర్ ఇమేజ్‌లు (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు) ఉన్నాయి, ముప్పు లేదనను. కానీ అక్కడ సీఐ ఫైల్లో ‘స్క్రిప్టు’ అన్న చోట షెల్ కమాండ్లు మనమే రాసుకోవడం అలవాటు. ఫైలు తెరిస్తే ఏం జరుగుతోందో కళ్ల ముందుంటుంది. సొంత మెషీన్ మీద రన్నర్ పెట్టుకుంటే ఆ 400 నిమిషాల లెక్కే ఉండదు. గిట్‌హబ్ మాత్రం 2025 డిసెంబరులో సొంత రన్నర్లకూ నిమిషానికింత రుసుము అని ప్రకటించి, విమర్శలు రావడంతో వాయిదా వేసింది. అందుకే ప్రైవేట్ కోడ్‌కు నా ఓటు గిట్‌ల్యాబ్‌కే.

అయితే గిట్‌ల్యాబ్ మొత్తాన్నీ సొంత సర్వర్ మీద పెట్టాలంటే ర్యామ్ బాగా కావాలి, అప్‌డేట్లు చూసుకునే మనిషి ఉండాలి. ఆ ఓపిక లేకపోతే వాళ్ల సైటులోనే ఖాతా తెరిచి, రన్నర్ ఒక్కటి మీ దగ్గర పెట్టుకోండి. ఆ రన్నర్‌ను పబ్లిక్ ప్రాజెక్టుకు మాత్రం తగిలించకండి. బయటివాళ్లు పంపిన మార్పును పరీక్షించబోతే, వాళ్ల కోడ్ మీ మెషీన్ మీద నడుస్తుంది.